పేరు పెట్టి పిలిస్తే తప్పేంటి?

ప్రశ్న: నమస్తే మేడమ్. మేం అట్లాంటా శివార్లలో ఉంటాం. అమెరికా వచ్చి ఆరేళ్ళయింది. రెండేళ్ళుగా ఒక డెంటల్ క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్ చూసుకుంటున్నాను. పోయిన నెల ఎనభై దాటిన ఒక బ్లాక్ పెద్దావిడ పంటికి క్యాప్ వేయించుకోవడానికి వచ్చారు. మా హైజీనిస్ట్, అంటే పళ్ళు శుభ్రం చేసే ఆమె, తెల్లమ్మాయి, పాతికేళ్ళుంటాయి, చాలా మంచిది. వెయిటింగ్ రూమ్ తలుపు తీసి, ఆవిడ మొదటి పేరు పెట్టి, చివర్లో "హనీ" తగిలించి పిలిచింది. పెద్దావిడ కదల్లేదు. "నేను మిసెస్ ఫలానా" అని ఇంటిపేరు చెప్పి, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నారు. ఇంటిపేరుతో పిలిచాకే లేచారు. లోపలికెళ్తూ నా దగ్గర ఆగి, "థాంక్యూ బేబీ" అని నవ్వారు.

లంచ్ టైమ్‌లో ఆ అమ్మాయి ఏడుపు. "నేను డాక్టర్‌ని కూడా పేరుతోనే పిలుస్తాను. నేను ఎవరి రంగూ చూడను. ఆవిడ అందర్నీ బేబీ అంటే లేని తప్పు నేను హనీ అంటే వచ్చిందా?" అంది. బిల్లింగ్ చూసే మా బ్లాక్ కొలీగ్, "ఆవిడ పేరు చెప్పారుగా, ఆ పేరుతో పిలువు, అయిపోయింది" అని లంచ్ బాక్స్ తీసుకుని కార్లో తినడానికి వెళ్ళిపోయింది. తర్వాత ఇద్దరూ విడివిడిగా నన్ను అడిగారు, నువ్వేమంటావని. నేను ఇద్దరితోనూ "నువ్వు చెప్పింది కరెక్టే" అన్నాను. ఆ సంగతి ఇద్దరికీ తెలిసిపోయింది. ఇప్పుడు ఇద్దరూ నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. పోయిన ఏడాది డాక్టర్ ఇదే బ్లాక్ కొలీగ్‌ని "నువ్వు భలే చక్కగా మాట్లాడతావ్" అని మెచ్చుకుంటే ఆమె మొహం మాడ్చుకుంది. అదీ నాకు అర్థం కాలేదు. మావారేమో "నల్లోళ్ళూ తెల్లోళ్ళూ కొట్టుకుంటే మధ్యలో మనకెందుకు" అంటారు. పెద్దావిడ మూడు వారాల్లో మళ్ళీ రావాలి. అప్పుడేం జరుగుతుందోనని టెన్షన్‌గా ఉంది. అసలు తప్పెవరిది? నేనేం చెయ్యాలి?

— ఒక పాఠకురాలు, జార్జియా

జవాబు: పెద్దావిడ చేసినదాంట్లో తప్పేమీ లేదమ్మా. తన పేరేంటో చెప్పారు, ఆ పేరుతో పిలిచాక లేచారు. గొంతు పెంచలేదు, కంప్లైంట్ రాయలేదు. మరి మీ హైజీనిస్ట్ చెడ్డపిల్లా అంటే, కాదు. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తెల్లవాళ్ళతో ఈ సంగతులు మాట్లాడినప్పుడల్లా "నేను మంచిదాన్నా, చెడ్డదాన్నా" అన్న దగ్గరే బండి కూరుకుపోతుంది. మీ క్లినిక్‌లోనూ అదే జరిగింది. అవమానం పెద్దావిడకి జరిగితే, ఓదార్పు ఏడ్చిన అమ్మాయికి దక్కింది. పెద్దావిడ ఆ రోజు ఎలాంటి మనసుతో ఇంటికెళ్ళారో మీ ముగ్గురిలో ఒక్కరూ అనుకున్నట్టు లేదు. మీ ఉత్తరంలో కూడా ఆ ముక్క లేదు.

నేను 1991లో అలబామా వచ్చాను. బర్మింగ్‌హామ్‌లో ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో ఇరవై ఏడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. చేరిన రోజే చెప్పారు, ఇక్కడ సర్లూ మేడమ్‌లూ ఉండవు, అందరం పేర్లతోనే పిలుచుకుంటామని. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇండియాలో హెడ్‌ని చూస్తే లేచి నిలబడే ఉద్యోగం చేసి వచ్చినదాన్ని మరి. మా ల్యాబ్‌లో ఫ్లోర్లు తుడిచే ఒక బ్లాక్ పెద్దాయన ఉండేవారు. అందరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు, నేనూ పిలిచాను. ఆయన మాత్రం నా పేరుకి ముందు "మిస్" చేర్చి పిలిచేవారు. సౌత్‌లో, అంటే అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, అదొక మర్యాద. మన లెక్కలో పేరు పక్కన "గారు" పెట్టడం అన్నమాట.

మూడేళ్ళు పోయాక ఆయన భార్య చనిపోతే ల్యాబ్ వాళ్ళం చర్చికి వెళ్ళాం. అక్కడ చిన్నాపెద్దా ఒక్కరు కూడా ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. అందరికీ ఆయన "డీకన్", అంటే చర్చి పెద్ద. ఆ మాట తర్వాత ఇంటిపేరు. ఆ ఇంటిపేరు నేను మొదటిసారి వినడం అక్కడే. మూడేళ్ళపాటు రోజూ గుడ్ మార్నింగ్ చెప్పిన మనిషి ఇంటిపేరు నాకు తెలీదు. ఆయనకి నా ఇంటిపేరు తెలుసు, స్పెల్లింగ్‌తో సహా. నా బ్యాడ్జి మీద రాసి ఉండేది. ఆయన బ్యాడ్జి మీద కూడా రాసే ఉండేదని తర్వాత చూశాను.

తిరిగొస్తుంటే కార్లో మా ఊరు గుర్తొచ్చింది. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. మా పొలంలో పనిచేసే పెద్దాయనకి మా తాతయ్య వయసు. ఎనిమిదేళ్ళ నేను ఆయన్ని "ఒరే" అని పిలిచేదాన్ని. ఆయన నన్ను "అమ్మాయిగారూ" అనేవారు. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పుడు కూడా నా చెయ్యి ముందు "అనేవాడు" అని రాసింది. కొట్టేసి దిద్దాను. అరవై ఏడేళ్ళొచ్చాయి నాకు. ఆయన ఏ వాడలో ఉండేవారో, మా ఇంట్లో ఆయనకి నీళ్ళు ఎలా పోసేవారో మీకు నేను వివరంగా చెప్పక్కర్లేదనుకుంటాను.

మీ పెద్దావిడ పెరిగిన సౌత్‌లో కూడా పిలుపు సంగతి ఇలాగే ఉండేది. తెల్లవాళ్ళని మిస్టర్, మిసెస్, సర్, మేడమ్ అనాలి. నల్లజాతి వాళ్ళకి ఉత్త పేరు. పేరు తెలీకపోతే మగవాళ్ళు ఏ వయసు వాళ్ళయినా "బాయ్". జుట్టు నెరిశాక "అంకుల్", "ఆంటీ". తెల్లవాళ్ళు నడిపే పత్రికలు చాలావాటిలో నల్లజాతి స్త్రీ పేరుకి ముందు "మిసెస్" వేసేవాళ్ళు కాదు, 1960ల దాకా. ఈ పోరు పడలేక కొందరు అసలు మొదటి పేరే బయటపెట్టకుండా పొడి అక్షరాలతో చెలామణి అయ్యేవారు. పేరు తెలిస్తేనే కదా పేరు పెట్టి పిలిచేది!

1963లో అలబామాలోని గ్యాడ్స్‌డెన్ అనే ఊళ్ళో ఒక కోర్టు విచారణ జరిగింది. మా బర్మింగ్‌హామ్‌కి గంట ప్రయాణం. మేరీ హామిల్టన్ అనే పౌరహక్కుల కార్యకర్త సాక్షి బోనులో ఉన్నారు. ప్రభుత్వ లాయరు "మేరీ" అంటూ ప్రశ్న మొదలుపెట్టాడు. నా పేరు మిస్ హామిల్టన్, అలా పిలిస్తేనే జవాబు చెప్తానన్నారామె. జడ్జి చెప్పినా వినలేదు. కోర్టు ధిక్కారం కింద అయిదు రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా వేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1964లో ఆ శిక్షని కొట్టేశారు. "మిస్" అన్న ఒక్క మాట కోసం దేశంలో అన్నిటికన్నా పైకోర్టు దాకా వెళ్ళాల్సొచ్చింది. మీ పెద్దావిడకి అప్పటికి ఇరవై ఏళ్ళు అటూఇటూ ఉంటాయి. ఆ కేసు ఆవిడకి తెలుసో లేదో నేను చెప్పలేను గానీ, వాళ్ళమ్మని దుకాణంలో ఎలా పిలిచేవాళ్ళో తెలీకుండా ఉండదు.

1968లో మెంఫిస్‌లో 1,300 మంది మునిసిపల్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేసినప్పుడు మెడలో వేసుకున్న అట్టల మీద జీతం లెక్కలు రాసుకోలేదు. "నేను మనిషిని" అని రాసుకున్నారు. మనిషి అన్న మాటకి ఇంగ్లీషులో అక్కడ వాడింది "మ్యాన్". అది "బాయ్" అన్న పిలుపుకి జవాబు. మార్టిన్ లూథర్ కింగ్ మెంఫిస్ వెళ్ళింది ఆ సమ్మెకి మద్దతుగానే. ఏప్రిల్ 4న ఆయన్ని అక్కడే చంపేశారు.

ఇదంతా పాత కథ అని మీ హైజీనిస్ట్ అనొచ్చు. 2006లో అదే గ్యాడ్స్‌డెన్ నుంచి ఇంకో కేసు సుప్రీంకోర్టుకొచ్చింది. కోళ్ళ ఫ్యాక్టరీలో ఇద్దరు బ్లాక్ సూపర్‌వైజర్లు ప్రమోషన్ దక్కలేదని వేసిన దావా. తమని మేనేజర్ "బాయ్" అనేవాడన్నది వాళ్ళు చూపిన సాక్ష్యాల్లో ఒకటి. ముందు "బ్లాక్" అని చేర్చకుండా ఉత్త "బాయ్" అంటే అది వివక్షకి సాక్ష్యం కాదని కింది కోర్టు తేల్చింది. పైకోర్టు ఒప్పుకోలేదు. ఆ మాట ప్రతిసారీ తప్పూ కాదు, ప్రతిసారీ ఒప్పూ కాదు, సందర్భం ఏంటి, ఎలా పలికాడు, ఏ గొంతుతో అన్నాడు, ఆ ప్రాంతంలో ఆచారం ఏంటి, ఆ మాటకి ఉన్న చరిత్ర ఏంటి, ఇవన్నీ చూడాలంది. మన "ఒరే"కి ఇంత మంచి వ్యాఖ్యానం నేను తెలుగు వ్యాకరణాల్లో కూడా చదవలేదు. బాల్యమిత్రుడు "ఒరే" అంటే కడుపు నిండుతుంది, స్టేషన్లో ఎస్సై అంటే కడుపు మండుతుంది.

ఇప్పుడు హనీ, బేబీ లెక్క చూద్దాం. మీ హైజీనిస్ట్ అడిగింది న్యాయమైన ప్రశ్నలాగే ఉంది కదూ. మీ అమ్మమ్మ మిమ్మల్ని "ఏమే" అంటారు. మీరు తిరిగి అమ్మమ్మని "ఏమే" అనరు. వయసు పైనుంచి కిందికి దిగే పిలుపు అది, ఎదురెక్కదు. సౌత్‌లో బ్లాక్ పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని "బేబీ" అనడం సరిగ్గా ఇదే. అందులో ఒక దీవెన ఉంటుంది. పాతికేళ్ళ పిల్ల ఎనభై ఏళ్ళావిడని "హనీ" అనడం ఎదురెక్కడం. తెల్ల వెయిట్రెస్‌లు అక్కడ అందర్నీ హనీ అంటారు, నిజమే, అందులో విషం ఏమీ ఉండదు. కానీ రంగు మారిన చోట వయసు లెక్క తలకిందులైన రోజుల్ని ఆవిడ చూశారు. తెల్లవాళ్ళ ఇంట్లో పదేళ్ళ పిల్లాడు, వాణ్ణి ఎత్తి పెంచిన ఆయాని పేరు పెట్టి పిలిచేవాడు. ఆవిడేమో వాడు కాస్త ఎదిగేసరికి "మిస్టర్" చేర్చాల్సొచ్చేది. ఆ చెవులకి "హనీ" ఎలా వినపడుతుందో మీ హైజీనిస్ట్‌కి తెలిసే అవకాశం లేదు. ఎవరూ చెప్పలేదు.

ఇక్కడే మనవాళ్ళకొక హెచ్చరిక. మర్యాద చేస్తున్నామనుకుని ఆవిడని "ఆంటీ" అనకండి. మనకి ఆంటీ అంటే గౌరవం, కూరలబ్బాయి అంటే మాత్రం కోపం వస్తుందనుకోండి, అది వేరే ఉత్తరం. అమెరికాలో తెల్లవాళ్ళు "మిసెస్" అనడం ఇష్టం లేక వాడిన మాట ఆంటీ. పాన్‌కేక్ పిండి డబ్బా మీద ఉండే "ఆంట్ జెమైమా" పేరు ఆ పిలుపులోంచి వచ్చిందే. 2021లో ఆ పేరే తీసేసి కొత్త పేరు పెట్టుకుంది ఆ కంపెనీ. ఆవిడంతట ఆవిడ "నన్ను ఆంటీ అను" అంటే అప్పుడు నోరారా అనండి.

మీ హైజీనిస్ట్ "రంగు చూడను" అంటే అబద్ధం చెప్పడం లేదు. ఆ తరం తెల్లపిల్లలకి ఇంట్లో, స్కూల్లో అలాగే నేర్పారు. రంగు గురించి మాట్లాడటమే తప్పని పెంచారు. మాట్లాడకపోతే తెలిసేదెలా? పబ్లిక్ రిలిజియన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక సంస్థ 2013లో చేసిన సర్వేలో, తెల్ల అమెరికన్లు ముఖ్యమైన విషయాలు మాట్లాడుకునే ఆప్తుల్లో సగటున 91 శాతం తెల్లవాళ్ళేనని తేలింది. ఆమె చుట్టూ మనసు విప్పి మాట్లాడే బ్లాక్ స్నేహితురాలు ఒక్కరూ లేకపోవచ్చు. ఒకే సింక్‌లో కప్పులు కడుక్కుంటారు, ఒకరి పిల్లల పుట్టినరోజుకి ఒకరు కార్డు మీద సంతకం పెడతారు, సాయంత్రం అయిదున్నరకి వేర్వేరు పేటలకి వెళ్ళిపోతారు.

ఆ పేటలు వాటంతటవి విడిపోలేదు. మీ అట్లాంటాలోనే చూడండి. బ్రయర్‌క్లిఫ్ రోడ్డు మీద దక్షిణంగా వెళ్తే పాన్స్ డి లియాన్ అవెన్యూ దాటగానే అదే రోడ్డు మోర్లాండ్ అవెన్యూ అయిపోతుంది. మన్రో డ్రైవ్ కూడా అక్కడే బొలెవార్డ్‌గా మారిపోతుంది. జీపీఎస్ చెప్తుంటే మలుపు తిరిగామేమో అనుకుంటాం, తిరగలేదు. అటు తెల్లవాళ్ళు, ఇటు నల్లజాతి వాళ్ళు ఉన్న రోజుల్లో ఇద్దరి అడ్రసులోనూ ఒకే వీధి పేరు ఉండకూడదని మార్చారంటారు అక్కడివాళ్ళు. 1962 డిసెంబర్‌లో నగర మేయర్ ఏకంగా పేటన్ రోడ్డుకి అడ్డంగా బారికేడ్లు కట్టించాడు, నల్లజాతి కుటుంబాలు అవతలి కాలనీలో ఇళ్ళు కొనకుండా. బెర్లిన్ గోడ అని పేరు పెట్టారు దానికి. కోర్టు చెప్పాక మరుసటి మార్చిలో పడగొట్టారు. మీ పెద్దావిడ అట్లాంటా మనిషే అయితే ఆ గోడ ఆవిడకి గుర్తుండే ఉంటుంది. మీ హైజీనిస్ట్ దాని పేరు కూడా విని ఉండదు. ఒకే ఊళ్ళో ఉన్న ఇద్దరికి ఊరి జ్ఞాపకం ఒకటి కాదు.

ఇక మీ బిల్లింగ్ కొలీగ్. "చక్కగా మాట్లాడతావ్" అన్నది మెచ్చుకోలు కదా అని మీకు అనిపించింది. మిమ్మల్ని ఎవరైనా "మీ ఇంగ్లీషు చాలా బాగుందే!" అంటే ఎలా ఉంటుంది? అందులో "ఇంత బాగుంటుందనుకోలేదు" అన్న ముక్క దాగి ఉంటుంది. మనకి ఇంగ్లీషు రెండో భాష, సరిపెట్టుకుంటాం. ఆమెకి అది అమ్మ భాష. తరతరాలుగా ఆ దేశంలో పుట్టి పెరిగిన మనిషిని, ఆఫీసులో కూర్చుని పని చేసుకుంటుంటే, మాటలొచ్చాయని మెచ్చుకోవడం! 2007 జనవరిలో జో బైడెన్ ఇలాగే బరాక్ ఒబామాని పొగడబోయి ఇరుక్కున్నారు. చక్కగా మాట్లాడతాడు, తెలివైనవాడు, శుభ్రంగా ఉంటాడు అన్నారు. శుభ్రమట! ఆ మాట అచ్చయిన రోజే సంజాయిషీలు మొదలయ్యాయి. తర్వాతి ఏడాది ఒబామా ఆయన్నే ఉపాధ్యక్షుడిగా ఎంచుకోవడం వేరే సంగతి. ఆమె మొహం మాడ్చుకోవడం డాక్టర్ మీద కోపంతోనే అయ్యుండక్కర్లేదు, అది ఎన్నోసారో లెక్కపెట్టుకుని ఉంటుంది. 2019లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ అడిగితే, తమకి తెలివి లేదన్నట్టు ఎదుటివాళ్ళు ప్రవర్తించారని చెప్పిన నల్లజాతి వాళ్ళు నూటికి 60 మంది. తెల్లవాళ్ళలో నాలుగో వంతు చుట్టూ ఉన్నారు. అనుమానంగా చూశారని చెప్పినవాళ్ళు 65 మంది.

ఆ 65 ఏంటో నేను దగ్గర్నుంచి చూశాను. మా ల్యాబ్‌లో ఒక స్నేహితురాలు, బ్లాక్, నాకంటే పెద్ద చదువు. ఇద్దరం షాపుకెళ్ళేవాళ్ళం. నేను కొన్న సామాను చేత్తో పట్టుకుని, రసీదు అక్కడే చెత్తబుట్టలో పడేసి వచ్చేసేదాన్ని. తను ఒక్క లిప్‌స్టిక్ కొన్నా కవర్ అడిగేది. రసీదు మడత పెట్టకుండా రెండు వేళ్ళ మధ్య పైకి కనపడేలా పట్టుకుని తలుపు దాటేది. బయటికొచ్చాక పర్సులో పెట్టేది. షాపులో ఉన్నంతసేపూ పర్సు జిప్పు తెరిచేది కాదు. ఇలా ఎందుకు చేస్తావని అడగడానికి నాకు రెండేళ్ళు పట్టింది. "మా అమ్మ నేర్పింది" అంది, అంతే. మన అమ్మలు జడ వెయ్యడం నేర్పినట్టు.

ఇలాంటివి మోస్తున్న మీ బిల్లింగ్ కొలీగ్ లంచ్ టైమ్‌లో కార్లో కూర్చుని తింటోందంటే మీ మీద అలక అనుకోకండి. తెల్ల కొలీగ్ ఏడుస్తుంటే ఆమె ముందు రెండే దారులున్నాయి. ఓదార్చాలి, లేదా పాఠం చెప్పాలి. రెండూ ఆమె జీతంలో లేవు. పాఠం కాస్త గట్టిగా చెప్తే "కోపిష్టి" అని పేరు పడుతుందని కూడా ఆమెకి తెలుసు. నల్లజాతి ఆడవాళ్ళకి ఆ ముద్ర రెడీగా ఉంటుంది. ఆమె ఒకే ఒక్క వాక్యం చెప్పి వెళ్ళిపోయింది. మొత్తం వ్యవహారంలో సరైన మాట అదొక్కటే.

మీవారు "మనకెందుకు" అంటున్నారు కాబట్టి ఆయనకీ ఒక నాలుగు ముక్కలు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే మనవాడు, నేనూ ఆర్యుణ్ణే, నాకు పౌరసత్వం ఇవ్వండని అడిగితే, నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది అమెరికా సుప్రీంకోర్టు. 1946లో చట్టం మారాక కూడా మొత్తం ఇండియాకి కలిపి ఏడాదికి 100 వలస వీసాలు. ఆ గేటు తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. ఆ ఏడాదే, దానికి రెండు నెలల ముందు, నల్లజాతి వాళ్ళ ఓటుహక్కు చట్టం వచ్చింది. దెబ్బలు తిని, కుక్కల చేత కరిపించుకుని వాళ్ళు మార్చిన గాలిలోనే మన చట్టమూ వచ్చింది. మనం ప్రేక్షకులమేమీ కాదు, టికెట్ వాళ్ళు కొనిపెట్టారు. ఇంకోటి, ఇంట్లో ఆ "నల్లోళ్ళు" మానెయ్యమనండి. ఇంగ్లీషులో "బ్లాక్" అనడంలో తప్పు లేదు, వాళ్ళలో ఎక్కువమంది అనేదే అది. "నల్లోడు"లో ఉన్న ఆ "డు" మనకి తెలుసు, అందులో ఏం నింపుతామో తెలుసు. పిల్లలు బయట ఇంగ్లీషులో మాట్లాడినా, లోపల ఆ "డు"ని మోసుకునే వెళ్తారు.

మార్టిన్ లూథర్ కింగ్ 1959లో ఇండియా వచ్చినప్పుడు త్రివేండ్రంలో ఒక స్కూలుకి వెళ్ళారు. అంటరాని కులాల పిల్లలు చదివే స్కూలు. హెడ్‌మాస్టర్ ఆయన్ని పిల్లలకి పరిచయం చేస్తూ, అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడు అన్నాడట. మొదట ఒళ్ళు మండిందనీ, కాసేపు ఆలోచించాక అవును, నేను అంటరానివాణ్ణే అనుకున్నాననీ ఆయనే తర్వాత చర్చిలో చెప్పుకున్నారు. ఆ స్కూలు పిల్లల తాతలు, మా పొలంలో పెద్దాయన, మీ క్లినిక్‌లో పెద్దావిడ, వీళ్ళకి పరిచయాలు అక్కర్లేదు.

సరే, మీరు చెయ్యాల్సింది. ఇద్దరితోనూ "కరెక్టే" అనడం తప్పించుకోవడం, మీకూ తెలుసు కాబట్టే రాశారు. బిల్లింగ్ కొలీగ్ దగ్గరికి వెళ్ళి ఆ ఒక్క ముక్కే చెప్పండి: ఆ రోజు నేను తప్పించుకున్నాను, పెద్దావిడది తప్పు కాదని అప్పుడే అనాల్సింది. అక్కడితో ఆపెయ్యండి. "నాకు ఇంకా నేర్పించు" అని కూర్చోకండి, ఏడవకండి, సమోసాలు పట్టుకెళ్ళకండి. సమోసాలు ఇంకో రోజు. ఆమె "ఓకే" అని స్క్రీన్ వైపు తిరిగితే అది కూడా సరైన జవాబే.

హైజీనిస్ట్‌తో అందరి ముందూ వద్దు. పార్కింగ్‌లో కారు దాకా నడుస్తూ మాట్లాడండి. "రేసిస్ట్" అన్న మాట మీ నోట రానివ్వకండి, ఆమె నోట వస్తే "ఆ మాట నేననలేదు" అని పక్కన పెట్టెయ్యండి. గ్యాడ్స్‌డెన్ కోర్టు కథ చెప్పండి, అయిదు నిమిషాలు పట్టదు. మన "మీరు", "నువ్వు", "గారు" సంగతి చెప్పండి. మీ ఇంట్లో ఇలాంటి "ఒరే" ఉండి ఉంటే అదీ చెప్పండి. ఎదుటి మనిషి తన తప్పు ముందు పెడితే మన తప్పు వినడం కాస్త తేలికవుతుంది. నా అనుభవం అదే. ఆమె మంచిదని సర్టిఫికెట్ మాత్రం ఇవ్వకండి. అడుగుతుంది చూడండి, "నేనలాంటిదాన్ని కాదని నీకు తెలుసుగా" అని. "ఆవిడ ఇంటిపేరు ఎలా పలకాలో తెలుసా?" అని అడగండి.

ఆ పైన మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఫ్రంట్ డెస్క్ మీది. కొత్తగా వచ్చినవాళ్ళు నింపే ఫారంలో పేరు పక్కన "మిమ్మల్ని ఎలా పిలవమంటారు?" అని ఒక ఖాళీ పెట్టించండి, రంగుతో పని లేకుండా అందరికీ. పాత పేషెంట్లకి అపాయింట్‌మెంట్ గుర్తుచేసే ఫోన్‌లో అడిగేయొచ్చు. చాలామంది తెల్ల పెద్దవాళ్ళు కూడా "మిస్టర్" అనే రాస్తారు, చూస్తుండండి, డెబ్భై దాటినవాళ్ళకి పిల్లల నోట పేరు వినడం అంత ఇష్టమేమీ ఉండదు. డాక్టర్‌కి కస్టమర్ సర్వీస్ అని చెప్పండి, రెండో ప్రశ్న వెయ్యడు.

పెద్దావిడకి ఫోన్ మీరే చెయ్యండి. మిసెస్ అని ఇంటిపేరుతో మొదలుపెట్టి, టైమ్ చెప్పి, పెట్టెయ్యండి. క్షమాపణలు గుప్పిస్తే ఆవిడ మళ్ళీ మిమ్మల్ని ఓదార్చాల్సొస్తుంది.

వచ్చిన రోజు పేరు పిలిచే పని మీరు మీద వేసుకోకండి, ఆవిడ రాగానే పరుగెత్తుకెళ్ళి లోపలికి తీసుకుపోకండి. ఆ తలుపు హైజీనిస్టే తియ్యాలి. ఆమె గొంతు కాస్త వణకొచ్చు, ఇంటిపేరు తడబడొచ్చు. మీరు కంప్యూటర్‌లో తల పెట్టుకుని కూర్చోండి. పెద్దావిడ లేచి వెళ్తూ ఆ అమ్మాయిని కూడా "బేబీ" అన్నారో లేదో నాకు మళ్ళీ ఉత్తరం రాయండి.